హైకూ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మనకు అలవాటైన ప్రోగ్రామింగ్ పరికరాలు దొరకవా?

కొత్తబాట (చర్చ ప్రారంభించినవారు):

అందరికీ నమస్కారం. పది రోజులుగా నా పాత ల్యాప్‌టాప్‌లో హైకూ బీటా 5 వాడుతున్నాను. అది బూట్ అయ్యే వేగం చూసి ముచ్చటపడి, రోజువారీ ప్రోగ్రామింగ్ పని కూడా ఇందులోకే మార్చుకుందామని కూర్చున్నాను. మొదటి గంటలోనే అడుగడుగునా ఆగిపోవలసి వచ్చింది. వీఎస్ కోడ్ ఎడిటరు లేదు, ప్రోగ్రాములను విడి పెట్టెల్లో (కంటైనర్లలో) నడిపే డాకర్ లేదు, లినక్స్‌లో ప్యాకేజీలు దింపే ఆప్ట్‌ను టైప్ చేస్తే అటువంటి ఆదేశమే లేదని వచ్చింది. ఒక చిన్న సీ లైబ్రరీని సోర్స్ నుంచి కంపైల్ చేసి, అలవాటు ప్రకారం యూఎస్ఆర్ కింద ఉండే లోకల్ డైరెక్టరీలో ఇన్‌స్టాల్ చేయబోతే అదీ కుదరలేదు. మరోవైపు టెర్మినల్ తెరిస్తే బాష్, జీసీసీ, మేక్ అన్నీ లినక్స్‌లో ఉన్నట్టే కనిపిస్తున్నాయి. చూడటానికి లినక్స్‌లా ఉండి, పని దగ్గరికి వచ్చేసరికి కాకుండా పోతున్న ఈ వ్యవస్థను ఎలా అర్థం చేసుకోవాలి? నేను ఎక్కువగా సీ++, పైథాన్ రాస్తాను. వీఎస్ కోడ్‌ను ఎవరైనా పోర్ట్ చేస్తున్నారా?

పాతకీలు:

స్వాగతం. హైకూ లినక్స్ కాదు, లినక్స్ కెర్నల్ (హార్డ్‌వేరుతో మాట్లాడే మూల భాగం) మీద కట్టినదీ కాదు. బీ అనే సంస్థ 1990లలో తయారుచేసిన బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆస్తులను 2001లో పామ్ సంస్థ కొనుగోలు చేసింది. ఆ వ్యవస్థ ఇక ముందుకు సాగదని తెలిసిన అభిమానులు, దాన్ని మొదటి నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా తిరిగి రాయాలని ఆ సంవత్సరమే ఓపెన్‌బీఓఎస్ పేరుతో పని మొదలుపెట్టారు. 2004లో దాని పేరు హైకూగా మారింది. (బీఓఎస్ బ్రౌజరు పేజీ దొరకనప్పుడు దోష సందేశాన్ని హైకూ పద్యంగా చూపించేది. పేరు వెనుక ఆ చమత్కారం కూడా ఉంది.) దీని కెర్నల్ న్యూఓఎస్ అనే మరో చిన్న కెర్నల్ నుంచి పుట్టింది. తెర మీద గీసే పని యాప్ సర్వర్ చేస్తుంది తప్ప లినక్స్‌లో ఆ పని చేసే ఎక్స్11 గాని వేలాండ్ గాని చేయవు.

మీకు పరిచయంగా కనిపించినవన్నీ పోసిక్స్ అనే, యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణం చలవ. బాష్, జీసీసీ, గిట్, పైథాన్ వంటివి పోసిక్స్ ఉన్న చోటల్లా కొద్దిపాటి సవరణలతో నడుస్తాయి. లినక్స్ కెర్నల్ అందించే ఈపోల్, ఐనోటిఫై, ప్రాక్ ఫైల్ వ్యవస్థ, కంట్రోల్ గ్రూపులు వంటి సౌకర్యాలు మాత్రం ఇక్కడ ఉండవు. ఏదైనా ప్రోగ్రాము ఇక్కడ నడుస్తుందా లేదా అనేది అది ఈ రెండింటిలో దేని మీద ఆధారపడింది అనే దాన్ని బట్టి తేలుతుంది. మీ సీ లైబ్రరీ విషయం వేరు, దాని సంగతి రాత్రికి తీరికగా రాస్తాను.

తీగలాగు:

వీఎస్ కోడ్ గురించి నేను చెబుతాను, ఎందుకంటే కొన్నేళ్లుగా బయటి ప్రోగ్రాములను హైకూకు మార్చే హైకూపోర్ట్స్ ప్రాజెక్టులో చిన్నాచితకా పోర్టులు చూసుకుంటున్నాను.

వీఎస్ కోడ్ అనేది ఎడిటరుగా కనిపించే ఒక బ్రౌజరు. అది ఎలక్ట్రాన్ మీద నడుస్తుంది, ఎలక్ట్రాన్ లోపల క్రోమియం అనే బ్రౌజరు, జావాస్క్రిప్టును నడిపే నోడ్ రెండూ ఉంటాయి. నోడ్ ఇప్పటికే హైకూలో ఉంది, కాబట్టి చిక్కు అక్కడ లేదు. చిక్కంతా క్రోమియంతోనే. ప్రాసెస్‌లను విడదీసి బంధించే సాండ్‌బాక్స్, వాటి మధ్య జ్ఞాపకాన్ని పంచుకునే పద్ధతి, గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పొర, కిటికీలు, క్లిప్‌బోర్డు, అక్షర రూపాలు, శబ్దం వంటి ప్రతి భాగానికీ అందులో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం విడివిడిగా రాసిన కోడ్ ఉంటుంది. వాటన్నిటికీ హైకూ శాఖ రాయడం పెద్ద పనే, కానీ అది ఒకసారి చేస్తే అయిపోయే పని. కొన్ని వారాలకు ఒకసారి కొత్త విడుదల వచ్చే ప్రాజెక్టులో ఆ సవరణలను ప్రతిసారీ తిరిగి అతికించుకుంటూ పోవడం మాత్రం ఎన్నటికీ తెమలని పని. మూల ప్రాజెక్టు వాటిని స్వీకరించకపోతే ఆ మోత మొత్తం ఒకరిద్దరు స్వచ్ఛంద కార్యకర్తల మీదే పడుతుంది.

అందుకని మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. వీఎస్ కోడ్‌లో మీరు నిజంగా రోజూ వాడేది ఏమిటి? పేరు కాకుండా పని చెప్పండి.

కొత్తబాట:

నిజాయితీగా లెక్క వేసుకున్నాను. టైప్ చేస్తుండగా పేర్లు పూర్తి కావడం, ఒక ఫంక్షను ఎక్కడ నిర్వచించారో అక్కడికి ఒక్క నొక్కుతో వెళ్లడం, కంపైల్ చేయకముందే తప్పుల కింద ఎర్ర గీత పడటం, బ్రేక్‌పాయింట్ పెట్టి విలువలు చూడటం. ఈ నాలుగూ దాటితే మిగతావన్నీ అలంకారమే అనిపించింది.

మధ్యలో ఒక ఉపాయం కూడా ప్రయత్నించాను. నా మరో కంప్యూటరులో వీఎస్ కోడ్ తెరిచి, దాని రిమోట్ ఎస్ఎస్‌హెచ్ సౌకర్యంతో హైకూ యంత్రానికి కలపబోయాను. మామూలు ఎస్ఎస్‌హెచ్ చక్కగా కలిసింది గాని, వీఎస్ కోడ్ మాత్రం అవతలి యంత్రాన్ని గుర్తించలేక వెనక్కి వచ్చేసింది.

దారిదీపం:

రిమోట్ పద్ధతి కుదరకపోవడానికి కారణం ఉంది. అది ఎస్ఎస్‌హెచ్‌ను దారిగా మాత్రమే వాడుకుంటుంది. అవతలి యంత్రంలో తన సొంత సర్వర్ ప్రోగ్రామును దింపి నడుపుతుంది, ఆ సర్వరు లినక్స్, మ్యాక్, విండోస్‌లకే తయారై వస్తుంది. ఎడిటరు వేరే యంత్రంలోనే ఉండాలనుకుంటే అక్కడ రాసి, గిట్ ద్వారా గాని ఆర్‌సింక్ ద్వారా గాని పంపి, ఎస్ఎస్‌హెచ్ కిటికీలో హైకూ మీద కంపైల్ చేసుకోవచ్చు. నేను ఒక ఏడాది పాటు అలాగే పని చేశాను, కొంచెం మొరటు పద్ధతే గాని ఎక్కడా మొరాయించదు.

ఇక మీ జాబితాలో మొదటి మూడు పనులనూ నిజానికి వీఎస్ కోడ్ స్వయంగా చేయదు. సీ++ విషయంలో ఆ తెలివి కోడ్‌ను చదివి అర్థం చేసుకునే క్లాంగ్‌డీ వంటి భాషా సర్వరుది. ఎడిటరుకూ ఆ సర్వరుకూ మధ్య సంభాషణ ఎల్‌ఎస్‌పీ అనే ఒప్పందం ప్రకారం జరుగుతుంది. ఆ ఒప్పందాన్ని 2016లో మైక్రోసాఫ్టే అందరికీ తెరిచి ఇచ్చింది కాబట్టి దాన్ని అర్థం చేసుకునే ఎడిటరు ఏదైనా సరే మీకు అదే ఫలితం ఇస్తుంది. హైకూలో క్లాంగ్‌డీ ఉంది. దానితో మాట్లాడగల జెనియో అనే ఐడీఈ (రాయడం, కంపైల్ చేయడం, డీబగ్ చేయడం ఒకేచోట జరిగే పరికరం) పూర్తిగా హైకూ కోసమే రాసినది. కేట్ కూడా ఉంది, అది క్యూటీ అనే, పలు వ్యవస్థలపై నడిచే గ్రాఫిక్ లైబ్రరీ మీద నడుస్తుంది. విమ్, ఈమాక్స్ సంగతి సరేసరి. వేటినీ వెతుక్కోనక్కరలేదు, అన్నీ హైకూ ప్యాకేజీల దుకాణమైన హైకూడిపోలో దొరుకుతాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ఏ ఫైలును ఏ ఐచ్ఛికాలతో కంపైల్ చేస్తున్నారో క్లాంగ్‌డీకి తెలియకపోతే అది హెడర్లు దొరకడం లేదని ప్రతి వరుసకూ ఎర్ర గీత వేస్తుంది, మీరేమో హైకూయే పాడైందనుకుంటారు. సీమేక్ అనే బిల్డ్ పరికరం వాడుతున్నట్లయితే కంపైల్ ఆదేశాల జాబితాను ఎగుమతి చేయమని చెప్పే ఐచ్ఛికాన్ని ఆన్ చేసి, ఆ జేసన్ ఫైలును ప్రాజెక్టు మూలంలో ఉంచండి. కొత్తగా వచ్చినవారి ఫిర్యాదుల్లో సగం అక్కడితోనే తీరిపోవడం నేను చూశాను.

పాతకీలు:

మీ లైబ్రరీ ఎందుకు ఇన్‌స్టాల్ కాలేదో ఇప్పుడు చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. ఇది అర్థమైతే హైకూ మీద కోపం చాలావరకు తగ్గుతుంది.

హైకూలో మూల డైరెక్టరీ మీ డిస్కు మీద ఉండదు. అది మెమరీలో నిలబెట్టిన ఒక చట్రం మాత్రమే, యంత్రం ఆపితే అందులో ఏదీ మిగలదు. మీ డిస్కు బూట్ అనే పేరుతో ఆ చట్రానికి తగిలించి ఉంటుంది. అందులోని సిస్టమ్ డైరెక్టరీ చూడటానికి మామూలు డైరెక్టరీలాగే ఉంటుంది గాని, బిన్, లిబ్ వంటి భాగాల్లో మీరేమీ రాయలేరు. 2013లో ప్యాకేజీ పద్ధతి వచ్చినప్పటి నుంచి అది ప్యాకేజ్ ఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థ చూపించే దృశ్యం. ప్యాకేజీల డైరెక్టరీలో ఉన్న హెచ్‌పీకేజీ (హైకూ ప్యాకేజీ) ఫైళ్లను విప్పి పరచకుండా, వాటి లోపలి సరుకునంతా ఒకే చెట్టుగా కలిపి చూపిస్తుంది. అందుకే ఇన్‌స్టాల్ చేయడం, తీసివేయడం క్షణాల్లో జరుగుతాయి. ఏదైనా ప్యాకేజీ బూట్‌నే చెడగొడితే, బూట్ లోడరు మెనూలోకి వెళ్లి వెనకటి ప్యాకేజీ స్థితిని ఎంచుకుని బయటపడవచ్చు. ఈ సదుపాయం నన్ను రెండుసార్లు కాపాడింది, అందులో ఒకటి నా స్వయంకృతమే.

మరి చేత్తో కంపైల్ చేసినవి ఎక్కడ పెట్టాలంటే, దానికోసమే నాన్-ప్యాకేజ్డ్ అనే డైరెక్టరీ ఉంది. హోమ్ కింద కాన్ఫిగ్‌లో ఒకటి, సిస్టమ్‌లో ఒకటి ఉంటాయి. కాన్ఫిగర్ స్క్రిప్టుకు ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ చేయవలసిన చోటుగా) హోమ్‌లోని నాన్-ప్యాకేజ్డ్ దారిని ఇవ్వండి. దాని బిన్ డైరెక్టరీ ఆదేశాలను వెతికే పాత్‌లో ముందే ఉంటుంది కాబట్టి ఇంకేమీ సవరించనక్కరలేదు.

ఆప్ట్‌కు బదులు పీకేజీమ్యాన్ అనే ఆదేశం ఉంది. హెడర్లు కావాలంటే లైబ్రరీ పేరు చివర డెవెల్ అని ఉన్న ప్యాకేజీని దింపుకోవాలి. ప్యాకేజీ పేరు తెలియకపోయినా, సీఎమ్‌డీ అని రాసి కోలన్ పెట్టి ఆదేశం పేరు ఇస్తే, ఆ ఆదేశాన్ని అందించే ప్యాకేజీని అదే వెతికి తెస్తుంది. కొత్తవారికి ఇది ఎవరూ చెప్పరెందుకో! ఇంకొక మాట, నెట్‌వర్కు సాకెట్లు వాడే ప్రోగ్రామును లింక్ చేసేటప్పుడు లిబ్‌నెట్‌వర్క్‌ను విడిగా చేర్చాలి. గణిత ఫంక్షన్లు, పోసిక్స్ థ్రెడ్లు మాత్రం హైకూ మూల లైబ్రరీ అయిన లిబ్‌రూట్‌లోనే ఉంటాయి.

జాలగూడు:

పైవన్నీ సీ++ రాసేవారికి సరిపోతాయి. నాలాంటి వెబ్ డెవలపరు పరిస్థితి అంత సాఫీగా లేదని కూడా నమోదు కావాలని ఇది రాస్తున్నాను.

నోడ్ నడుస్తుంది, దాని ప్యాకేజీలు దింపే ఎన్‌పీఎమ్ నడుస్తుంది. కానీ ఇప్పటి ప్యాకేజీల్లో చాలావాటి లోపల ముందే కంపైల్ చేసిన బైనరీలు ఉంటాయి, అవి మూడు పెద్ద వ్యవస్థలకు తప్ప దొరకవు. ఒక సాధారణ ప్రాజెక్టును దింపుకోబోతే, దాని బిల్డ్ పరికరం ఈ వేదికకు బైనరీ లేదని ఆగిపోయింది. వెబ్ అసెంబ్లీ రూపం దొరికిన చోట అది పెట్టుకుని, మిగతావి సోర్స్ నుంచి కట్టుకుని ఎలాగో ఒడ్డున పడ్డాను. పైథాన్‌లోనూ ఇదే కథ. లినక్స్ కోసం తయారైన వీల్ (ముందే కట్టిన ప్యాకేజీ) ఫైళ్లు ఇక్కడ పనికిరావు కాబట్టి పైథాన్ ప్యాకేజీలు దింపే పిప్ ప్రతిదాన్నీ సోర్స్ నుంచి కట్టబోతుంది. సీ, ఫోర్‌ట్రాన్ కలిసిన లైబ్రరీల దగ్గర అది గంటలు తిని చివరికి విఫలమవుతుంది. గణిత లైబ్రరీ నమ్‌పై వంటివాటిని పిప్‌తో కాకుండా పీకేజీమ్యాన్‌తో తెచ్చుకోవాలని నాకు రెండు వారాల తర్వాత తెలిసింది.

అలవాటైన పరికరాలు లేకపోతే కొత్తవారు వచ్చినంత వేగంగా వెళ్లిపోతారు. వారికి జవాబుగా ఎప్పుడూ వేరొకటి వాడుకోండని చెప్పడం సరైన విధానమని నేను అనుకోను.

పాతకీలు:

మీ కష్టాన్ని కాదనను. అయితే మరో వైపు కూడా చూడమని మనవి. ప్రతి ఒక్కరూ తమ పాత ఇంటి సామానంతా తెచ్చుకుని ఇక్కడ సర్దుకుంటే, ఈ ఇంట్లో ఏముందో చూసేవారు ఎవరు? హైకూలో ప్రతి కిటికీకీ సొంత థ్రెడ్ (సమాంతరంగా నడిచే పని వరుస) ఉంటుంది. కిటికీల మధ్య, ప్రోగ్రాముల మధ్య సంభాషణ బీమెసేజ్ అనే సందేశాలతో నడుస్తుంది. ఫైల్ వ్యవస్థలో ఏ ఫైలుకైనా లక్షణాలు తగిలించి, వాటి మీద డేటాబేసులో వెతికినట్టు ప్రశ్న వేయవచ్చు, ఆ ప్రశ్న ఫలితం ఫైళ్లు మారినకొద్దీ తనంతట తానే మారుతుంది. క్యూటీతో ప్రోగ్రాము రాసి ఇక్కడ నడిపితే ఇవేవీ మీకు కనిపించవు. అటువంటి ప్రోగ్రాము ఎక్కడైనా నడుస్తుంది, దానికోసం హైకూ దాకా రావలసిన పని లేదు.

తీగలాగు:

పాతకీలు గారి అభిమానం నాకూ ఉంది గాని, ఆ వాదనతో పూర్తిగా ఏకీభవించలేను. పోర్టులు లేకపోతే హైకూ కోసమే రాసిన స్వదేశీ ప్రోగ్రాములు పెరుగుతాయన్నది నాకు అనుభవంలో కనిపించలేదు. బయటి ప్రోగ్రాములను తెచ్చి నడపబోయినప్పుడే లిబ్‌రూట్‌లోనూ కెర్నల్‌లోనూ దాగిన లోపాలు బయటపడ్డాయి. ఒక పెద్ద భాషా రన్‌టైమ్ మెమరీని కేటాయించుకునే తీరు, థ్రెడ్లను ఆపి మళ్లీ నడిపే తీరు మన చిన్న ప్రోగ్రాములు ఎప్పుడూ తాకని మూలలను తాకుతాయి. 2022 డిసెంబరులో వచ్చిన బీటా 4తో ఎక్స్11 పిలుపులను హైకూ పిలుపులుగా మార్చే పొర, దాని వెంట జీటీకే అనే మరో గ్రాఫిక్ లైబ్రరీతో రాసిన ప్రోగ్రాములు అందుబాటులోకి వచ్చాయి. వాటి కోసం చేసిన సవరణలు స్వదేశీ ప్రోగ్రాములకూ ఉపయోగపడ్డాయి.

జాలగూడు గారు చెప్పిన అసంతృప్తికి మాత్రం నా దగ్గర ఒక పని ఉంది. మీరు సోర్స్ నుంచి కట్టుకున్నవాటిలో ఒక్కదానికైనా రెసిపీ రాయండి. రెసిపీ అంటే బాష్ వాక్యనిర్మాణంలో ఉండే ఒక చిన్న ఫైలు. సోర్స్ ఎక్కడి నుంచి తేవాలి, దాని ఎస్‌హెచ్‌ఏ 256 చెక్‌సమ్ ఏమిటి, ఇది ఏమేమి అందిస్తుంది, కట్టడానికి ఏమి కావాలి, నడవడానికి ఏమి కావాలి, ఏ ఆదేశాలతో కట్టాలి అని అందులో చెబుతాం. హైకూపోర్టర్ అనే పరికరం ఆ ఫైలును చదివి, మీరు పేర్కొన్న ప్యాకేజీలు మాత్రమే కనిపించే విడి వాతావరణంలో కట్టి, హెచ్‌పీకేజీ చేతికిస్తుంది. మీ యంత్రంలో ఉన్నందువల్ల మీకు తెలియకుండా అక్కరకు వచ్చిన లైబ్రరీ ఏదైనా ఉంటే అక్కడే దొరికిపోతుంది. మీరు పడిన రెండు వారాల శ్రమ తర్వాతి మనిషికి ఒక్క ఆదేశంగా మారుతుంది.

32 బిట్ల హైకూ వాడేవారికి ఒక హెచ్చరిక. పాత బీఓఎస్ ప్రోగ్రాములు నడవాలని అందులో జీసీసీ 2.95ను ఇప్పటికీ మూల కంపైలరుగా ఉంచారు. కొత్త సీ++ రాయాలంటే సెట్ఆర్చ్ ఆదేశంతో రెండో కంపైలరుకు మారాలి. 64 బిట్ల రూపంలో ఈ గొడవ లేదు.

మితభాషి:

డాకర్ గురించి ఎవరూ చెప్పలేదు. అది లినక్స్ కెర్నల్‌లోని నేమ్‌స్పేస్‌లు, కంట్రోల్ గ్రూపుల మీద నిలబడినది కాబట్టి ఇక్కడ రాదు. క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటరులో లినక్స్ నడుపుకోవచ్చు, లేదా కంటైనర్లను మరో యంత్రంలో ఉంచి ఎస్ఎస్‌హెచ్‌తో చేరుకోవచ్చు.

కాపీ, పేస్ట్‌లకు ఇక్కడ కంట్రోల్ కాకుండా ఆల్ట్ వాడతారు. చేయి తిరగకపోతే కీమ్యాప్ ప్రాధాన్యాలలో విండోస్, లినక్స్ పద్ధతికి మార్చే మీట ఉంది. నేను మార్చలేదు. టెర్మినల్‌లో కంట్రోల్ సీ ప్రోగ్రామును ఆపడానికి, ఆల్ట్ సీ కాపీకి అని విడివిడిగా ఉండటం హాయిగా ఉంది.

కొత్తబాట:

అందరికీ ధన్యవాదాలు. వారం తర్వాత తిరిగి వస్తున్నాను. లైబ్రరీని నాన్-ప్యాకేజ్డ్‌లో పెట్టాను, అది పని చేస్తోంది. జెనియోలో క్లాంగ్‌డీ కుదిరింది, దారిదీపం గారు చెప్పిన జేసన్ ఫైలు పెట్టేదాకా నిజంగానే ప్రతి వరుసా ఎర్రగా ఉండేది. కేట్ కూడా ప్రయత్నించాను గాని జెనియో కిటికీ తెరుచుకునే వేగానికి అలవాటుపడి అందులోనే ఉండిపోయాను.

పాతకీలు గారి మాటలు విని, క్యూటీ పక్కన పెట్టి స్వదేశీ ఏపీఐతో ఒక చిన్న ప్రోగ్రాము మొదలుపెట్టాను. ఒక డైరెక్టరీలోని ఫైళ్లన్నిటినీ విడి థ్రెడ్‌లో చదివి, ఎంతవరకు వచ్చిందో కిటికీలోని గీత మీద చూపించాలి. నడిపిన రెండో క్షణంలో కూలిపోయింది. డీబగ్ చేస్తారా, నివేదిక దాస్తారా, ఆపేస్తారా అని అడిగితే నివేదిక దాయమన్నాను. డెస్క్‌టాప్ మీద వచ్చిన ఫైలులో లూపర్‌కు తాళం వేసి ఉండాలి అనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం, దాని కింద నా థ్రెడ్ పిలుపుల వరుస ఉన్నాయి. నేను ఎక్కడా తాళం వేయలేదు, వేయాలని కూడా తెలియదు.

పాతకీలు:

చాలా సంతోషం. ఈ దోషం చూడకుండా ఇక్కడ ప్రోగ్రాము రాసినవారు లేరు. కిటికీకి సొంత థ్రెడ్ ఉంటుందన్నాను కదా, సందేశాలు అందుకుంటూ దాన్ని నడిపేదే లూపర్. ఆ కిటికీలోని గీత ఆ థ్రెడ్ ఆస్తి. మీరు మరో థ్రెడ్ నుంచి దాన్ని నేరుగా తాకారు. తాకేముందు లాక్‌లూపర్ పిలిచి, అది సరేనంటేనే విలువ మార్చి, వెంటనే అన్‌లాక్‌లూపర్ పిలవడం ఒక పద్ధతి. నేను దాన్ని సిఫార్సు చేయను, ఎందుకంటే కిటికీ మూసేటప్పుడు మీ థ్రెడ్ ముగిసేదాకా అది వేచి ఉంటే, మీ థ్రెడ్ కిటికీ తాళం కోసం వేచి ఉండి, రెండూ ఒకదాన్నొకటి చూస్తూ కూర్చుంటాయి.

మీ థ్రెడ్‌కు సందేశాలు పంపే ఒక బీమెసెంజర్ ఇవ్వండి. ఎన్ని ఫైళ్లు అయ్యాయో సంఖ్యను బీమెసేజ్‌లో పెట్టి అది కిటికీకి పంపుతుంది. కిటికీ తన మెసేజ్‌రిసీవ్డ్ ఫంక్షనులో దాన్ని అందుకుని గీతను జరుపుతుంది. అక్కడికి వచ్చేసరికి తాళం ముందే వేసి ఉంటుంది. ప్రతి ఫైలుకూ ఒక సందేశం పంపితే వరుస నిండిపోతుంది, కాబట్టి సెకనుకు పదికి మించకుండా చూసుకోండి.

కొత్తబాట:

మీరు చెప్పినట్టు మార్చాను, కూలిపోవడం ఆగింది. కిటికీని మధ్యలో మూసినా ఇబ్బంది లేదు. బ్రేక్‌పాయింట్ల కోసం హైకూ సొంత డీబగ్గరునే వాడాను. ఏ థ్రెడ్ ఏ కిటికీదో పేరుతో సహా చూపిస్తోంది, నేను అంతకుముందు వాడినదానిలో అంకెలే కనిపించేవి.

తీగలాగు గారూ, ఆ లైబ్రరీకి రెసిపీ కూడా రాయడం మొదలుపెట్టాను. హైకూపోర్టర్ విడి వాతావరణంలో కట్టబోయి జెడ్‌లిబ్ అనే లైబ్రరీ హెడరు లేదని ఆగిపోయింది. నా యంత్రంలో ఉంది గాని నేను రెసిపీలో పేర్కొనలేదు.

తీగలాగు:

కట్టడానికి కావలసినవాటి జాబితాలో డెవెల్ కోలన్ లిబ్‌జెడ్ అని చేర్చండి. నడవడానికి కావలసినవాటిలో లిబ్ కోలన్ లిబ్‌జెడ్ అని పెట్టండి. రెండోది చాలామంది మరచిపోతారు, కట్టిన యంత్రంలో నడిచి ఇతరుల యంత్రంలో నడవకపోవడానికి అదే కారణం. అయ్యాక పంపండి, చూస్తాను.